అమెరికాలో ఇల్లు అద్దెకిచ్చారా? డిప్రిసియేషన్ క్లెయిమ్ చేయకపోయినా.. అమ్మేటప్పుడు పన్ను మాత్రం తప్పదు!

తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన డాలస్, ఎడిసన్, అట్లాంటా, బే ఏరియా లాంటి చోట్ల రెండో ఇల్లు కొని అద్దెకిస్తున్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఉద్యోగం మారి వేరే ఊరికి వెళ్తూ, ఉన్న ఇంటిని అమ్మకుండా అద్దెకిచ్చినవాళ్లూ ఉన్నారు. ఏటా ఏప్రిల్ 15 దగ్గరపడగానే అద్దె ఎంత వచ్చింది, లోన్ వడ్డీ ఎంత కట్టాం, ప్రాపర్టీ ట్యాక్స్ ఎంతయింది అని లెక్కలు తీస్తారు. అయితే ఆ ఏడాది జేబులోంచి ఒక్క డాలర్ కూడా బయటకు వెళ్లకుండానే, లెక్కలో మాత్రం పెద్ద ఖర్చుగా కనిపించే అంశం ఇంకొకటి ఉంది. అదే డిప్రిసియేషన్.. తెలుగులో తరుగుదల.

దీనికి బిల్లు ఉండదు, రసీదు ఉండదు. అందుకే సొంతంగా రిటర్న్ వేసుకునే కొందరు దీన్ని వదిలేస్తుంటారు. 'తీసుకోకపోతే మనకే కదా నష్టం' అని ఊరుకుంటారు. ఇంకొందరైతే 'ఇప్పుడు తీసుకుంటే అమ్మేటప్పుడు తిరిగి కట్టాలట' అని భయపడి కావాలనే పక్కన పెడతారు. రెండూ పొరపాటే. ఎందుకంటే అమెరికా పన్ను చట్టం ప్రకారం తరుగుదల క్లెయిమ్ చేసినా, చేయకపోయినా.. ఇల్లు అమ్మిన రోజు క్లెయిమ్ చేసినట్టే లెక్క కడతారు. అంటే ఏటా రావాల్సిన పన్ను ఆదా పోతుంది, చివర్లో పన్ను మాత్రం పడుతుంది. అసలు ఈ లెక్క ఎలా ఉంటుంది? మర్చిపోయినవాళ్లకు దారి ఉందా? హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉన్న ఎన్ఆర్ఐలకు కూడా ఇది వర్తిస్తుందా? వివరంగా చూద్దాం.

అసలు తరుగుదల అంటే ఏంటి?

బంగారం కొట్టులో తరుగు అంటే కొనేవాళ్ల జేబుకు చిల్లే. కానీ అద్దె ఇంటి లెక్కలో తరుగుదల యజమానికి కలిసొచ్చే అంశం. ఇల్లు కాలం గడిచేకొద్దీ పాతబడుతుంది, అరిగిపోతుంది. అద్దె సంపాదించడానికి ఆ ఇంటినే వాడుతున్నారు కాబట్టి, ఆ అరుగుదలను కూడా ఒక ఖర్చుగా చూపించుకోవచ్చని చట్టం చెబుతోంది. మార్కెట్లో ఇంటి ధర పెరుగుతున్నా సరే, ఈ లెక్క మారదు.

అమెరికాలో నివాసానికి అద్దెకిచ్చే ఇళ్ల విషయంలో కట్టడం ఖరీదును 27.5 ఏళ్లకు సమానంగా పంచుతారు. 1986 తర్వాత అద్దెకు వచ్చిన ఇళ్లకు ఇదే పద్ధతి. ఆఫీసులు, షాపుల లాంటి వాణిజ్య కట్టడాలకైతే 39 ఏళ్లు. సొంతంగా ఉంటున్న ఇంటికి మాత్రం తరుగుదల ఉండదు. అద్దెకిస్తేనే ఉంటుంది.

భూమికి తరుగుదల లేదు

ఇక్కడ మొదటి మెలిక ఇదే. భూమి అరిగిపోదు కాబట్టి దాని విలువపై తరుగుదల రాదు. ఇంటి మొత్తం ఖరీదులోంచి ముందు భూమి విలువను తీసేయాలి. మిగిలిన కట్టడం విలువనే 27.5తో భాగించాలి. మొత్తం ధరను భాగించేస్తే ఎక్కువ క్లెయిమ్ చేసినట్టవుతుంది. ఆడిట్‌లో దొరికితే పన్నుతో పాటు వడ్డీ, పెనాల్టీ కూడా కట్టాల్సి రావచ్చు.

మరి భూమి ఎంత, కట్టడం ఎంత అని తేలేదెలా? కౌంటీవాళ్లు ప్రాపర్టీ ట్యాక్స్ కోసం వేసే మదింపులో సాధారణంగా ఈ రెండూ వేర్వేరుగా ఉంటాయి. టెక్సాస్‌లో అయితే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి అడ్రస్ కొడితే వివరాలు కనిపిస్తాయి. ఆ నిష్పత్తిని కొన్న ధరకు వర్తింపజేయొచ్చు. విడిగా అప్రైజర్‌తో విలువ కట్టించుకునే దారి కూడా ఉంది. బే ఏరియా లాంటి ఖరీదైన చోట్ల ధరలో పెద్ద వాటా భూమిదే అవుతుంది కాబట్టి, ఇల్లు ఖరీదైనదైనా తరుగుదల అంత ఎక్కువగా రాకపోవచ్చు.

కొన్న ధరతో పాటు టైటిల్ ఇన్సూరెన్స్, రికార్డింగ్ ఫీజు, లాయర్ ఫీజు లాంటి కొన్ని క్లోజింగ్ ఖర్చులను కూడా ఖరీదులో కలుపుకోవచ్చు. లోన్ తీసుకోవడానికి అయిన ఖర్చులు మాత్రం ఇందులోకి రావు. వాటిని లోన్ కాలపరిమితికి పంచి వేరుగా చూపించాలి.

ఒక ఉదాహరణ చూద్దాం

డాలస్ సబర్బ్‌లో ఓ తెలుగు జంట 2015 జూలైలో 4,12,500 డాలర్లకు ఇల్లు కొని, అదే నెలలో అద్దెకిచ్చారనుకుందాం. అందులో భూమి వాటా 20 శాతం, అంటే 82,500 డాలర్లు. మిగిలిన 3,30,000 డాలర్లు కట్టడం విలువ. దీన్ని 27.5తో భాగిస్తే ఏడాదికి 12,000 డాలర్లు. నెలకు సరిగ్గా వెయ్యి డాలర్ల తరుగుదల అన్నమాట.

మొదటి ఏడాది మాత్రం పూర్తి 12,000 రాదు. ఏ తేదీన అద్దెకు పెట్టినా, ఆ నెల మధ్యలో పెట్టినట్టుగా లెక్కిస్తారు. అంటే జూలైకి అర నెల, ఆగస్టు నుంచి డిసెంబర్ వరకు ఐదు నెలలు.. మొత్తం ఐదున్నర నెలలకు 5,500 డాలర్లు. అమ్మిన ఏడాదికీ ఇదే పద్ధతి.

ఇంకో ముఖ్యమైన విషయం. అద్దెకున్నవాళ్లు దిగిన రోజు నుంచి కాదు, ఇల్లు అద్దెకు సిద్ధమై, అద్దెకిస్తామని బయటపెట్టిన రోజు నుంచే తరుగుదల మొదలవుతుంది. లిస్టింగ్ పెట్టాక రెండు నెలలు ఖాళీగా ఉన్నా ఆ రెండు నెలలూ లెక్కలోకి వస్తాయి. మధ్యలో ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు కూడా తరుగుదల ఆగదు.

రిపేరా? ఇంప్రూవ్‌మెంటా?

అద్దె ఇంటికి పెట్టే ప్రతి ఖర్చూ ఒకే రకం కాదు. కుళాయి లీకేజీ, పగిలిన కిటికీ అద్దం, పెయింట్ లాంటివి రిపేర్లు. వాటి ఖర్చును ఆ ఏడాదే మొత్తంగా చూపించుకోవచ్చు. కానీ రూఫ్ మొత్తం మార్చడం, కొత్త గది కట్టడం లాంటివి ఇంప్రూవ్‌మెంట్ల కిందికి వస్తాయి. ఆ ఖర్చును మళ్లీ కొత్తగా 27.5 ఏళ్లకు పంచాల్సిందే. ఇంటి తరుగుదల లెక్క ఒకవైపు, కొత్త రూఫ్ లెక్క మరోవైపు విడివిడిగా నడుస్తాయి.

ఫ్రిజ్, స్టవ్, వాషింగ్ మెషీన్, కార్పెట్, ఫర్నిచర్ లాంటి వాటికి కాలపరిమితి ఐదేళ్లే. ఫెన్సింగ్, డ్రైవ్‌వే లాంటి వాటికి 15 ఏళ్లు. ఒక్కో వస్తువు 2,500 డాలర్లలోపు ఉంటే, రిటర్న్‌తో పాటు ఆ మేరకు ఆప్షన్ ఇచ్చి ఆ ఏడాదే ఖర్చుగా రాసుకునే వెసులుబాటు కూడా ఉంది.

బోనస్ డిప్రిసియేషన్ అంటూ ప్రచారం.. ఇంటికి వర్తిస్తుందా?

2025 జూలై 4న సంతకమైన కొత్త పన్ను చట్టంతో 100 శాతం బోనస్ డిప్రిసియేషన్ మళ్లీ వచ్చింది. 2025 జనవరి 19 తర్వాత కొన్న అర్హమైన ఆస్తులకు ఇది వర్తిస్తుంది. దీంతో 'ఇంటి ఖరీదంతా మొదటి ఏడాదే రాసేసుకోవచ్చు' అని కొందరు అపోహపడుతున్నారు. అది నిజం కాదు. 27.5 ఏళ్ల జాబితాలో ఉండే కట్టడానికి బోనస్ రాదు. 20 ఏళ్లు, అంతకంటే తక్కువ కాలపరిమితి ఉన్న ఫ్రిజ్, కార్పెట్, ఫెన్సింగ్ లాంటి వాటికే వస్తుంది.

కొందరు కాస్ట్ సెగ్రిగేషన్ స్టడీ చేయించి, ఇంటి ఖరీదులోంచి ఇలాంటి భాగాలను విడదీసి ముందే పెద్ద మొత్తం క్లెయిమ్ చేస్తుంటారు. అయితే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు తమ రాష్ట్ర పన్నులో ఈ బోనస్‌ను ఒప్పుకోవు. రెండు, ఆ వస్తువులపై తీసుకున్న తరుగుదలను అమ్మేటప్పుడు మామూలు ఆదాయపు పన్ను రేటుతో తిరిగి లెక్కిస్తారు. పైగా ఆ నష్టాన్ని జీతంలో సర్దుకునే వీలు లేకపోతే, ముందే క్లెయిమ్ చేసినా వెంటనే ఉపయోగం ఉండదు.

చేతిలో డబ్బు ఉంది.. లెక్కలో నష్టం!

పైన చెప్పుకున్న జంటకే వద్దాం. నెలకు 2,400 డాలర్ల చొప్పున ఏడాదికి 28,800 డాలర్ల అద్దె వస్తోందనుకుందాం. లోన్ వడ్డీ 11,000, ప్రాపర్టీ ట్యాక్స్ 4,000, ఇన్సూరెన్స్ 1,800, రిపేర్లు ఇతరత్రా 2,000 డాలర్లు. మొత్తం ఖర్చు 18,800. అంటే 10,000 డాలర్లు మిగిలాయి. తరుగుదల చూపించకపోతే ఈ 10,000 పైన పన్ను కట్టాలి. వాళ్లు 24 శాతం శ్లాబ్‌లో ఉంటే అది 2,400 డాలర్లు.

తరుగుదల చూపిస్తే? 10,000లోంచి 12,000 తీసేస్తే మైనస్ 2,000. అద్దె ఆదాయంపై ఆ ఏడాది పన్ను సున్నా. పైగా 2,000 డాలర్ల నష్టం ఉన్నట్టు లెక్క. ఈ వివరాలన్నీ షెడ్యూల్ ఈ అనే ఫామ్‌లోకి వెళ్తాయి. ఇల్లు అద్దెకు పెట్టిన మొదటి ఏడాది ఫామ్ 4562 కూడా జత చేయాలి.

ఐటీ జంటలకు అడ్డొచ్చే 1,50,000 డాలర్ల గీత

మరి ఆ 2,000 నష్టాన్ని జీతంలోంచి తీసేసుకోవచ్చా? ఇది అందరికీ కుదరదు. అద్దె నిర్వహణలో యజమాని ప్రమేయం ఉండి, ఆదాయం 1,00,000 డాలర్లలోపు ఉంటే ఏడాదికి 25,000 డాలర్ల వరకు నష్టాన్ని జీతం లాంటి ఇతర ఆదాయంతో సర్దుకోవచ్చు. ఆదాయం లక్ష దాటాక, ప్రతి రెండు డాలర్లకు ఒక డాలర్ చొప్పున ఈ వెసులుబాటు తగ్గుతుంది. 1,50,000 డాలర్లకు చేరేసరికి పూర్తిగా పోతుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే ఈ గీత ఇట్టే దాటేస్తారు.

అయితే గీత దాటినంత మాత్రాన నష్టం వృథా కాదు. దాన్ని ఫామ్ 8582లో రాసి తర్వాతి ఏళ్లకు తీసుకెళ్లొచ్చు. తర్వాత ఎప్పుడైనా ఆ ఇంటిపై లాభం వస్తే అందులో సర్దుకోవచ్చు. లేదంటే ఇల్లు బయటివాళ్లకు పూర్తిగా అమ్మేసిన ఏడాది, పేరుకుపోయిన నష్టమంతా ఒకేసారి వాడుకోవచ్చు. 'మన ఆదాయం ఎక్కువ, మనకు తరుగుదల వల్ల ఉపయోగం లేదు' అనుకుని వదిలేసేవాళ్లు ఇక్కడే పొరబడుతున్నారు. జీతంతో సర్దుకోలేకపోయినా, అద్దెపై పన్ను మాత్రం తగ్గుతుంది. ఈ ఉదాహరణలో ఏటా 2,400 డాలర్ల ఆదా అలా వచ్చిందే.

అమ్మినప్పుడు అసలు కథ

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ జంట పదేళ్ల తర్వాత, 2025 జూలైలో ఇంటిని 5,50,000 డాలర్లకు అమ్మారనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి అమ్మకం ఖర్చులు పక్కన పెడదాం. ఈ పదేళ్లలో తరుగుదల మొత్తం 1,20,000 డాలర్లు. మొదటి ఏడాది 5,500, మధ్యలో తొమ్మిదేళ్లకు 1,08,000, అమ్మిన ఏడాది 6,500.

లాభం లెక్కించేటప్పుడు కొన్న ధర 4,12,500లోంచి ఈ 1,20,000 తీసేస్తారు. మిగిలేది 2,92,500. అంటే లాభం 1,37,500 కాదు, 2,57,500 డాలర్లు. ఇందులో తరుగుదల వల్ల పెరిగిన 1,20,000 పై గరిష్ఠంగా 25 శాతం పన్ను పడుతుంది. దీన్నే డిప్రిసియేషన్ రీక్యాప్చర్ అంటారు. ఈ జంట విషయంలో అది 30,000 డాలర్ల వరకు ఉంటుంది. మిగిలిన 1,37,500 పై ఆదాయాన్ని బట్టి సాధారణంగా 15 లేదా 20 శాతం లాంగ్ టర్మ్ క్యాపిటల్ గెయిన్స్ పన్ను. భార్యాభర్తల ఉమ్మడి ఆదాయం 2,50,000 డాలర్లు దాటితే అదనంగా 3.8 శాతం పన్ను కూడా పడొచ్చు.

ఇంతవరకు చూస్తే, ఏటా మిగిల్చుకున్నది చివర్లో తిరిగి కట్టినట్టే కదా అనిపిస్తుంది. కొంతవరకు నిజమే. తరుగుదలను ప్రభుత్వం ఇచ్చే వడ్డీ లేని అప్పులా చూడొచ్చు. ఏటా మిగిలిన డబ్బు పదేళ్లపాటు చేతిలో ఉంటుంది. పైగా పేరుకుపోయిన 20,000 డాలర్ల నష్టం అమ్మిన ఏడాది అక్కరకొస్తుంది.

కానీ క్లెయిమ్ చేయనివాళ్ల పరిస్థితి వేరు. చట్టంలో వాడిన మాట ప్రకారం 'తీసుకున్న' తరుగుదల మాత్రమే కాదు, 'తీసుకోవడానికి వీలున్న' తరుగుదలను కూడా కొన్న ధరలోంచి తీసేయాలి. రెండింట్లో ఏది ఎక్కువైతే అదే లెక్క. అంటే పదేళ్లలో ఒక్క డాలర్ కూడా క్లెయిమ్ చేయకపోయినా, ఇల్లు అమ్మినప్పుడు 1,20,000 తీసుకున్నట్టే భావిస్తారు. ఏటా 2,400 చొప్పున పదేళ్లకు 24,000 డాలర్ల పన్ను అనవసరంగా కట్టి, ఆపైన రీక్యాప్చర్ కింద మరో 30,000 వరకు కట్టాల్సి వస్తుంది. అసలు తినని భోజనానికి బిల్లు కట్టినట్టు అన్నమాట.

మర్చిపోయినవాళ్లకు దారి ఉంది

మంచి విషయం ఏంటంటే, దీన్ని సరిదిద్దుకోవచ్చు. ఒక్క ఏడాది రిటర్న్‌లోనే తప్పు జరిగి ఉంటే, ఆ ఏడాదికి ఫామ్ 1040-ఎక్స్ ద్వారా సవరించిన రిటర్న్ వేయొచ్చు. సాధారణంగా రిటర్న్ వేసిన మూడేళ్లలోపు ఇది చేయాలి.

వరుసగా రెండు లేదా అంతకంటే ఎక్కువ ఏళ్లు తరుగుదల చూపించకపోతే పాత రిటర్న్‌లన్నీ తిరగదోడక్కర్లేదు. ఫామ్ 3115 వేయాలి. ఇది అకౌంటింగ్ పద్ధతి మార్చుకుంటున్నామని ఐఆర్ఎస్‌కు చెప్పే ఫామ్. దీంతో గతంలో వదిలేసిన తరుగుదల మొత్తాన్ని ఒకే ఏడాది రిటర్న్‌లో క్లెయిమ్ చేసుకోవచ్చు. మూడేళ్లు దాటిన పాత ఏళ్ల తరుగుదల కూడా ఇందులోకి వస్తుంది. ఆటోమేటిక్ పద్ధతిలో వేసే ఈ మార్పుకు ఐఆర్ఎస్‌కు ఫీజు కట్టక్కర్లేదు. ఇల్లు అమ్మిన ఏడాది కూడా ఈ అవకాశం ఉంటుంది. అమ్మకం చూపించే రిటర్న్ వేసేలోపే ఈ విషయం చూసుకోవడం మంచిది.

అయితే ఫామ్ 3115 అంత తేలికైంది కాదు. ఎనిమిది పేజీలు ఉంటుంది, లెక్కలు జత చేయాలి. దీన్ని సాఫ్ట్‌వేర్‌తో సొంతంగా వేయడం కన్నా, ఇంతకుముందు వేసిన అనుభవం ఉన్న సీపీఏ లేదా ఎన్‌రోల్డ్ ఏజెంట్ దగ్గరకు వెళ్లడమే నయం. పదేళ్ల తరుగుదల చేతికొస్తుందంటే ఆ ఫీజు పెద్ద లెక్క కాదు.

ఉంటున్న ఇంటినే అద్దెకిస్తే?

కొన్నాళ్లు సొంతంగా ఉండి, ఉద్యోగరీత్యా వేరే ఊరికి వెళ్తూ అద్దెకిచ్చిన ఇళ్లకు లెక్క కాస్త వేరు. అద్దెకు మార్చిన రోజు ఇంటి మార్కెట్ విలువ ఎంత, అప్పటిదాకా పెట్టిన ఖరీదు ఎంత అని చూసి, రెండింట్లో ఏది తక్కువైతే దాని మీదే తరుగుదల లెక్కించాలి. 4,00,000కు కొన్న ఇల్లు 6,00,000 అయినా పాత ఖరీదే లెక్క. ధర పడిపోయి 3,50,000 అయితే ఆ తక్కువ విలువే లెక్క. రెండు సందర్భాల్లోనూ భూమి వాటా తీసేయాల్సిందే.

ఇంకో సంగతి. అమ్మకానికి ముందు ఐదేళ్లలో కనీసం రెండేళ్లు ఆ ఇంట్లో ఉంటే, లాభంలో ఒంటరివాళ్లకు 2,50,000, భార్యాభర్తలకు 5,00,000 డాలర్ల వరకు పన్ను మినహాయింపు ఉందన్నది చాలామందికి తెలిసిందే. కానీ అద్దెకిచ్చిన కాలంలోని తరుగుదలకు ఈ మినహాయింపు వర్తించదు. మిగతా లాభంపై పన్ను లేకపోయినా, తరుగుదల వాటాపై గరిష్ఠంగా 25 శాతం పన్ను కట్టాల్సిందే. మూడేళ్ల అద్దెకు తరుగుదల 36,000 ఉంటే, దానిపై 9,000 డాలర్ల వరకు పడొచ్చు. 'మనకు మినహాయింపు ఉంది, పన్నేమీ ఉండదు' అనుకుని అమ్మిన డబ్బంతా ఖర్చు పెట్టేస్తే, ఏప్రిల్‌లో ఇబ్బంది పడతారు.

రీక్యాప్చర్‌ను వాయిదా వేయొచ్చా?

ఒక అద్దె ఇల్లు అమ్మి ఆ డబ్బుతో మరో అద్దె ఇల్లో, ఇతర పెట్టుబడి స్థిరాస్తో కొంటే 1031 ఎక్స్‌ఛేంజ్ కింద పన్నును వాయిదా వేయొచ్చు. అమ్మిన 45 రోజుల్లో కొత్త ఆస్తిని ఎంచుకున్నట్టు రాసివ్వాలి. 180 రోజుల్లోపు కొనడం పూర్తి కావాలి. అమ్మిన డబ్బు యజమాని చేతికి రాకుండా మధ్యవర్తి దగ్గరే ఉండాలి. ఇక్కడ తెలుగువాళ్లు గమనించాల్సింది ఒకటుంది. అమెరికాలో ఇల్లు అమ్మి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆస్తి కొంటే ఇది వర్తించదు. అమెరికా ఆస్తికి అమెరికా ఆస్తే కొనాలి.

యజమాని మరణానంతరం వారసులకు ఇల్లు వస్తే, సాధారణంగా ఆ రోజు మార్కెట్ విలువే వాళ్లకు కొన్న ధర అవుతుంది. అప్పటిదాకా తీసుకున్న తరుగుదలపై రీక్యాప్చర్ భారం వారసులపై పడదు.

హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దెకిచ్చిన ఎన్ఆర్ఐల సంగతేంటి?

గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లే కాదు, హెచ్-1బీ మీద పనిచేస్తూ పన్ను పరంగా అమెరికా రెసిడెంట్లు అయినవాళ్లు కూడా ప్రపంచంలో ఎక్కడి ఆదాయాన్నైనా అమెరికా రిటర్న్‌లో చూపించాలి. కొండాపూర్ ఫ్లాట్ అద్దె కూడా అందులోకే వస్తుంది.

ఇండియాలో అద్దె ఇంటికి తరుగుదల అనే పద్ధతి లేదు. మున్సిపల్ పన్ను తీసేశాక, మిగిలిన అద్దెలో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ ఇస్తారు. రిపేర్ చేయించినా, చేయించకపోయినా అంతే. అమెరికాలో ఈ 30 శాతం డిడక్షన్ చెల్లదు. అక్కడ నిజంగా అయిన ఖర్చులు, వాటితో పాటు తరుగుదల చూపించాలి. అది కూడా 27.5 ఏళ్లకు కాదు. విదేశాల్లోని అద్దె ఇళ్లు 2018 నుంచి అద్దెకు వచ్చినవైతే 30 ఏళ్లు, అంతకుముందువైతే 40 ఏళ్లకు పంచాలి.

ఉదాహరణకు 2020లో 90 లక్షలకు కొని అద్దెకిచ్చిన ఫ్లాట్‌లో భూమి వాటా 30 లక్షలు తీసేస్తే కట్టడం విలువ 60 లక్షలు. 30 ఏళ్లకు పంచితే ఏటా 2 లక్షల తరుగుదల. నెలకు 25 వేల చొప్పున ఏడాదికి 3 లక్షల అద్దె, 10 వేల ప్రాపర్టీ ట్యాక్స్, 30 వేల మెయింటెనెన్స్ అనుకుందాం. ఇండియా లెక్కలో పన్ను పడే ఆదాయం 2,03,000 రూపాయలు. అదే అమెరికా లెక్కలో 60,000 రూపాయలకు సమానమైన డాలర్లే. ఇండియాలో కట్టిన పన్నుకు ఫామ్ 1116 ద్వారా అమెరికాలో క్రెడిట్ తీసుకోవచ్చు.

'ఇండియాలో టీడీఎస్ కట్ అయిపోయింది కదా, ఇక్కడ చూపించక్కర్లేదు' అనుకోవడం తప్పు. ఫ్లాట్ అమ్మినప్పుడు అమెరికా లెక్కలో ఇక్కడ కూడా అదే సూత్రం. తరుగుదల తీసుకున్నా, తీసుకోకపోయినా కొన్న ధరలోంచి అది తగ్గిపోతుంది. కొన్న ధరను కూడా కొన్ననాటి డాలర్ రేటుతోనే లెక్కించాలి కాబట్టి, ఆ తేదీ, ఆ రోజు మారకం రేటు రాసిపెట్టుకోవడం అవసరం.

ఇండియాకు తిరిగొచ్చేసినవాళ్లకు

అమెరికాలో ఇల్లు అలాగే ఉంచి, ఇండియాకు వచ్చి స్థిరపడినవాళ్లు అక్కడ నాన్ రెసిడెంట్లు అవుతారు. గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ లేనివాళ్లకు మామూలుగా ఖర్చులేవీ తీయకుండా మొత్తం అద్దెపై 30 శాతం పన్ను పడుతుంది. అయితే ఆ అద్దెను వ్యాపార ఆదాయంలా చూడమని రిటర్న్‌తో పాటు ఆప్షన్ ఇస్తే, ఖర్చులు, తరుగుదల పోను మిగిలిన దానిపైనే పన్ను కట్టొచ్చు. దీనికి ఏటా ఫామ్ 1040-ఎన్ఆర్ వేయాలి. 

ఏ కాగితాలు దాచాలి?

తరుగుదల లెక్క 27.5 ఏళ్లపాటు నడుస్తుంది. అంతకాలం కాగితాలు ఉండాలి. ఇల్లు కొన్నప్పటి క్లోజింగ్ స్టేట్‌మెంట్, ఆ ఏడాది కౌంటీ మదింపు కాపీ, అద్దెకు పెట్టిన లిస్టింగ్ తేదీ, రూఫ్ లాంటి పెద్ద పనుల బిల్లులు, ప్రతి ఏటా రిటర్న్‌లోని తరుగుదల షీట్ తప్పనిసరి. సాఫ్ట్‌వేర్ గానీ, సీపీఏ గానీ మారినప్పుడు పాత షీట్ కొత్తవాళ్లకు ఇవ్వకపోతే తరుగుదల ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇల్లు అమ్మాక కూడా కనీసం మూడేళ్లు వీటిని పారేయొద్దు.

ముందుగా ఒక చిన్న పని చేసి చూడండి. పోయినేడాది రిటర్న్ తీసి, షెడ్యూల్ ఈలో 18వ లైన్ చూస్తే చాలు. డిప్రిసియేషన్ అని రాసి ఉండే ఆ లైన్ ఖాళీగా ఉంటే.. ఎన్నేళ్లుగా ఖాళీగా ఉందో వెంటనే లెక్క తీయాల్సిందే. ఇల్లు అమ్మకానికి పెట్టకముందే ఈ పని చేస్తే డబ్బు మిగులుతుంది.

గమనిక: ఈ కథనం పాఠకుల అవగాహన కోసం మాత్రమే. ఇందులోని లెక్కలు ఉదాహరణలే. ఒక్కో కుటుంబం ఆదాయం, రాష్ట్రం, వీసా స్థితిని బట్టి పన్ను మారుతుంది. నిర్ణయం తీసుకునే ముందు అర్హత ఉన్న పన్ను నిపుణులను సంప్రదించడం మంచిది.